మామ్మగారి ఆయ్

మొన్న శుక్రవారం పొద్దున్నే మా పక్కింటి మామ్మగారు పోయారు. కబురు వీధిలోకి ఎలా వెళ్లిందంటే, “బర్మా ఆవిడ పోయిందటండీ” అని. మలికిపురం పక్కన మా ఊళ్లో అరవై ఏళ్లు బతికిన మనిషి ఆవిడ.

చిన్నపిల్లగా బర్మా నుంచి వచ్చి ఓడ దిగారు. పిల్లల్లేరు, ఆయనా ఎప్పుడో పోయాడు. అక్కడి అలవాటుగా, నానబెట్టిన టీ ఆకులో వేయించిన వేరుశనగ గుళ్లు కలుపుకుని తినేవారు. “మామ్మగారు టీ తాగి పొడి కూడా నమిలేస్తున్నారు” అని ఊరంతా చాటింది నేనే. మర్నాడు గిన్నెడు నా చేతిలో పెట్టి, “తిని చాటరా, అబద్ధానికి కాస్త రుచొస్తుంది” అన్నారు. బాగానే ఉంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు నేను.

మా ఊరు మర్యాదకు పెట్టింది పేరు. “మీరేవుట్లండీ?” అని కులం అడిగినా, కుర్చీ వేసి కొబ్బరినీళ్లిచ్చి అడుగుతాం. “అక్కడ అంతా ఒక్క కుండలోదే తిన్నాం బాబూ” అనేవారావిడ. అడిగినవాళ్లు నవ్వేసి, మళ్లీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు.

రెండేళ్ల కిందట అనంతపురం వైపు నుంచి చదువుకునే పిల్ల ఒకతె వచ్చింది. కాందిశీకులు ఊళ్లలో ఎలా కలిసిపోయారో రాస్తుందట. దారి చూపించి నేనూ అరుగు మీద కూర్చున్నాను.

“ఊరోళ్లు మిమ్మల్ని కలుపుకున్నారా అవ్వా?”

“ఆయ్.”

“పెళ్లిళ్లకు పిలుస్తారా?”

“ఆయ్.”

మా ఆయ్ ఔను కావచ్చు, ఉత్త వింటున్నానండీ కావచ్చు. ఆ పిల్లకేం తెలుసు? అన్నిటికీ టిక్కు పెట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు.

ఆమె వెళ్లాక, “నిజం చెప్పొచ్చు కదండీ?” అన్నాను.

“చెప్తే రాసుకుంటుంది కదరా. మీరు చదివి మొహం మాడ్చుకుంటే నేనెక్కడికి పోను? ఒకసారి లేచి వచ్చేసేను. మళ్లీ లేవడానికి ఇంకో ఊరు లేదు.”

ఆ పిల్ల నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి దిద్దించలేదు. ఊరి పరువనుకున్నాను, వెధవని.

శుక్రవారం మధ్యాహ్నం పాడె మోయడానికి నేనూ, కొబ్బరి వలిచే ఇద్దరూ తేలాం. నాలుగో మనిషి కోసం ఇంటింటికీ తిరిగాను.

“ఎంత మంచావిడండీ. కానీ మా తాలూకు కాదు కదండీ, మోస్తే ఏం బాగుంటుంది చెప్పండి.”

ముందువైపు వెదురు కర్రలు రెండూ నేనే పట్టాను. మేం వెళుతుంటే ఊరంతా అరుగులు దిగి, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని రోడ్డు వార నిలబడింది. తారు కాలిపోతోంది. ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ, నిలబడ్డచోటు నుంచి ఎవరూ కదల్లేదు.