కొళాయి దగ్గర నా రాయబారం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. బ్యాంకు పరీక్ష గైడు అట్ట లోపల నేను చదివేది అంతర్జాతీయ న్యాయం. రాయబారిని కావాలని నా కోరిక. పక్కింట్లో చక్కెర అడగడానికి గడప దగ్గర పది నిమిషాలు నిలబడే పిల్లకు ఇలాంటి కోరికంటే మా బంగారు గనుల పేట చాంపియన్ రీఫ్స్ అంతా నవ్వుతుంది.

గని కూలీలకని వరుసగా కట్టిన మా లైను ఇళ్ళకు ఒకటే కొళాయి. నీళ్ళు రెండు రోజులకోసారి వస్తాయి. తాత గనిలో దిగే రోజుల నుంచీ మొదటి బిందె మా అవ్వదే. పోయిన వేసవిలో ఎదుటి లైను కొళాయి ఎండిపోయింది. మా కొళాయికి వస్తామని వాళ్ళు కబురు పెట్టారు. అవ్వకు మోకాళ్ళ నొప్పి, జవాబు చెప్పి రమ్మని నన్ను పంపింది.

"రానీలే, పాపం. ఫస్టు మాత్రం మనమే పట్టుకునేది. అదొక్కటీ ఇడసొద్దు."

రాయబారిని ఎవరూ బంధించకూడదని ముందురోజే చదివాను. నా గురించే కదా అని రెండుసార్లు చదివాను. ఒప్పందాల అధ్యాయం పొడుగ్గా ఉందని వదిలేశాను.

ఎదుటి లైను పెద్దమ్మ నన్ను బంధించలేదు. కుర్చీ వేసి వడ పెట్టింది.

"మా ఇండ్లల్లో పసిబిడ్డలుండారమ్మా. ఫస్టు మేం పట్టుకుంటాం, ఆమీద మీరు. సరేనా?"

కాదందామంటే నోట్లో వడ. మింగేలోపు ఆమె పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి చాచింది. పెద్దవాళ్ళిస్తే వద్దనకూడదని రెండు చేతులా తీసుకున్నాను.

మా లైన్లలో మాట అడిగి ఆకూ వక్కా ఇస్తే, పుచ్చుకున్నవాళ్ళు ఒప్పుకున్నట్టే. పెళ్ళిళ్ళే అలా కుదురుతాయి. ఆ సంగతి నాకు గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

"నేను సరే అనలేదవ్వా, తల కూడా ఊపలేదు" అన్నాను ఇంటికొచ్చి.

"అయితే ఆకు తీసుకునిందెవరు, నీలో దయ్యమా?"

అప్పుడు తెరిచాను ఆ అధ్యాయం. రాయబారికి పెట్టిన హద్దును ఎదుటివాళ్ళకు ముందే తెలపకపోతే, తరువాత దాన్ని చూపించి ఒప్పందం చెల్లదనడానికి లేదట. అవ్వ పెట్టిన హద్దును నేను వడతో పాటు మింగేశాను.

నీళ్ళొచ్చిన రోజు ఎదుటి లైనువాళ్ళంతా పట్టుకునేదాకా అవ్వ బిందె చంకన పెట్టుకుని వెనకే నిలబడింది. మాట తప్పలేదు. నా వైపు మాత్రం చూడలేదు. చివరికి బిందె కొళాయి కింద పెట్టి, మెల్లగా అంది:

"ఆ బ్యాంకు పుస్తకం లోపల ఇంగోటుండాది గదా, ఈసారి పొయ్యే ముందర దాన్ని కడదాకా సదివి పో."