కర్లింగ్ రాడ్డు మీద బెల్లం పాకం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఉన్న సుఖం అదే, తెలిసింది గుప్పెడైనా గంపెడని నమ్మకం. ఇప్పుడు బాపట్లలో నాకు సొంత పార్లర్ ఉంది, జుట్టు తిప్పే మిషన్లే నాలుగు రకాలున్నాయి, అయినా కొత్త మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటే లోపల కాస్త బెదురుగానే ఉంటుంది. అప్పుడు మాత్రం తెనాలిలో రెండున్నర నెలలు నేర్చుకున్న పని, ఒక కర్లింగ్ రాడ్డు, బోలెడంత ధైర్యం ఉండేవి. (ఆ ధైర్యాన్ని మా నాన్న ఇంకో మాటతో పిలిచేవారు. పెద్దాయన మాట, ఇక్కడ రాయడం బాగుండదు.)

నాన్న బడిపంతులు. నన్నూ పంతులమ్మను చేయాలని ఆయన కోరిక. నేను ఏడ్చి సాధించుకున్న గడువు మూడు నెలలు. ఈలోపు తెనాలిలో పార్లర్ నడిపే ఆవిడ నన్ను జీతానికి పెట్టుకుంటే సరే, లేకపోతే నోరెత్తకుండా టీచర్ ట్రైనింగులో చేరాలి. ఆవిడను మేమంతా పార్లరక్క అనేవాళ్ళం. మనిషి మంచిదే కానీ మెచ్చుకోవడంలో మహా పిసినారి. గడువు ఇంకో పదిహేను రోజులుందనగా ఒకే ముహూర్తానికి ఆవిడకు రెండు పెళ్ళిళ్ళు తగిలాయి. "వేమూరు పెళ్ళికి నువ్వెళ్ళు. బాగా చేస్తే ఒకటో తారీఖు నుంచి జీతం ఇస్తా. పాడుచేశావో, మీ నాన్నకి నేనే ఫోన్ చేస్తా," అంది.

పెళ్ళికూతురు నాకన్నా ఏడాది చిన్నది. ముహూర్తం ఫోటోల్లోనూ జుట్టు ఉంగరాలు తిరిగి ఉండాలని పట్టుబట్టింది. "అవే ఉంచేయక్కా. సాయంత్రం రేపల్లెలో రిసెప్షనుకి పూలజడ తీసేస్తే సరిపోద్ది," అంది. ఒక్క పనితో రెండు అక్కరలు తీరుతున్నాయని నేనూ సంబరపడ్డాను. తెల్లవారుజామున మొదలుపెట్టి పాయ పాయా రాడ్డుకు చుట్టి, నడినెత్తి దాకా ఉంగరాలు తిప్పి, అవి చెదరకుండా స్ప్రే డబ్బా మొత్తం కొట్టేశాను. వాన కురిసినా జారిపోయేలా తయారైంది ఆ తల.

జీలకర్ర బెల్లం సంగతి నాకు తెలియదని కాదు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా ఇరుగుపొరుగంతా హిందువులే, సినిమాలూ తక్కువ చూడలేదు. సినిమాలో పెళ్ళికొడుకు చెయ్యి ఇలా వెళ్ళి అలా వచ్చేస్తుంది, మేళం మోగుతుంది, హీరోయిన్ జుట్టు చెక్కుచెదరదు. ఇక్కడ పెళ్ళికొడుకు ఆ ముద్దంతా సరిగ్గా నేను చుట్టిన ఉంగరాల నడుమ పెట్టి, పంతులుగారు చాలనేదాకా అదిమి పట్టుకున్నాడు. (మనిషి నెమ్మదస్తుడే, చెయ్యి మాత్రం ఇటుకలు కోసేవాడిది.) ఆపైన తలంబ్రాలు. స్ప్రే జిగటకి ప్రతి ఉంగరంలోనూ నాలుగేసి పసుపు బియ్యపు గింజలు స్థిరపడ్డాయి.

భోజనాలయ్యాక పెళ్ళికూతుర్ని గదిలోకి తీసుకొచ్చారు. నాలుగింటికి రేపల్లె కారు, ఈలోపు అణిగిన ఉంగరాలు మళ్ళీ తిప్పాలి. తల కడిగేస్తే తీరిపోయేది. కానీ కడగొచ్చో లేదో నాకు తెలియదు. మా చర్చిలో ప్రభురాత్రి భోజనపు గిన్నెను ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోరు కదా, ఇదీ అలాంటిదే అయ్యుంటుంది, తీసేస్తే ఈ పిల్ల కాపురానికి కీడేమో అనుకున్నాను. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే పని రానిదని తెలిసిపోతుంది, కబురు తెనాలి చేరుతుంది. అంచేత భక్తిగా, ఆ బెల్లం జోలికి పోకుండా, బెల్లంతో సహా ఒక పాయ తీసి వేడి రాడ్డుకు చుట్టాను.

ముందు జీలకర్ర చిటపటలాడింది. తర్వాత బెల్లం కరిగి పాకమై, పాయను రాడ్డుకు అతికించేసింది. గదంతా కమ్మటి వాసన, వెంటనే మాడు వాసన. వంటల దగ్గర నుంచి ఒకాయన గుమ్మం దాకా వచ్చి, "పాకం ముదిరిపోతోందమ్మా, దించెయ్యండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. పెళ్ళికూతురు ఏడుపు అందుకుంది. స్విచ్ కట్టేసి నేనూ అందుకున్నాను.

ఆ ఏడుపులకు పెళ్ళికూతురి నాయనమ్మ లోపలికొచ్చింది.

"తల కడక్కుండా కాలుస్తున్నావేంటమ్మా?"

"మీ వాళ్ళల్లో అది తియ్యకూడదేమోననండి. తీస్తే ఏమన్నా అవుద్దేమోనని భయమేసిందండి."

ఆవిడ నా వంక చూసి, మంచం మీద కూలబడి, పమిట చెంగుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. "ముహూర్తం దాకానే తల్లీ దాని గొప్ప. అయిపోయాక ఒట్టి బెల్లమే. చీమలు పట్టకముందే కడుగు. ఒక్క మాట అడిగితే పోయేదిగా?"

"అడిగితే పని రాదనుకుంటారని మామ్మగారూ. నాకీ పని కావాలండి," అన్నాను. గడువు సంగతంతా ఏడుస్తూనే చెప్పేశాను.

ఆవిడ వేణ్ణీళ్ళు, కుంకుడుకాయ పులుసు తెప్పించింది. పాయను నానబెట్టి రాడ్డు నుంచి విడదీసి, తలంతా కడిగాం. పాకం పట్టిన రాడ్డు ఎందుకూ పనికిరాకుండా పోయింది. అప్పుడావిడ మెత్తటి పాత పంచె ఒకటి తెచ్చి పేలికలుగా చించింది. ఆవిడ చిన్నతనంలో వాళ్ళింట్లో బస చేసిన నాటకాలాయన ఒకరు రాణి వేషానికి ముందు జుట్టును ఇలాగే చుట్టుకునేవాడట. తడి పాయను పేలిక చుట్టూ చుట్టి ముడేయడం ఆవిడ చూపించింది, నేను చేశాను. సాంబ్రాణి పొగ వేసి రెండు ఫ్యాన్లు పెట్టాం. నాలుగు కావస్తుండగా ముళ్ళు విప్పితే ఒక్కొక్క ఉంగరం మెత్తగా కిందికి జారి మళ్ళీ పైకెగిరింది. అంత అందమైన జుట్టు అప్పటిదాకా నా చేతుల మీదుగా రాలేదు. మాడిన పాయను లోపలికి దోపాను.

కారు కదులుతుంటే పార్లరక్క ఫోన్ చేసింది. నేను ఎత్తడానికి తటపటాయిస్తుంటే మామ్మగారే ఫోన్ లాక్కున్నారు. "పిల్ల పని బాగుందమ్మా. మా చిన్నదాని పెళ్ళికీ ఈ అమ్మాయే రావాలి," అన్నారు. బెల్లం మాట ఎత్తలేదు. ఒకటో తారీఖున నాకు జీతం వచ్చింది. నాన్న తెనాలి వచ్చి, పార్లర్ గుమ్మం బయటే నిలబడి, "సరేలే," అని తిరుగు బస్సెక్కారు.

మూడేళ్ళకి బాపట్ల చర్చిలో నా పెళ్ళి జరిగింది. నా జుట్టు నేనే ఉంగరాలు తిప్పుకుని, స్ప్రే బాగానే కొట్టుకున్నాను. మామ్మగారు మనవరాలితో వచ్చారు. దీవించడానికి దగ్గరికొచ్చి, ఎత్తిన చెయ్యి సగంలో ఆపేశారు. నా మేలిముసుగు వంక చూసి, చుట్టూ చూసి, నాకొక్కదానికే వినపడేలా, "మీ వాళ్ళల్లో తల మీద చెయ్యి పెట్టొచ్చా తల్లీ?" అని అడిగారు. తల వంచాను. నిండుగా అరచెయ్యి మోపి, కాసేపు అలాగే ఉంచారు.

ఫోటో ఆ తర్వాత తీశారు. అందులో నా ఉంగరాలు రెండు పక్కలా నిలబడి ఉంటాయి, నడినెత్తిన మాత్రం అరచెయ్యి మేర అణిగి ఉంటాయి. ఊళ్ళోవాళ్ళ తలలన్నీ దిద్దుతావు, నీది చూసుకోలేదా అని మా అమ్మాయి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ రోజు అద్దం ఎదురుగానే ఉంది, దువ్వెనా అందుబాటులోనే ఉంది. సరిచేసుకోబుద్ధి కాలేదు.