గోడకు నుదురు ఆనించి నలభై సార్లు

మా చిన్నప్పుడు... నాంపల్లి స్టేషను వెనక ఒకే గదిలో ఉండేవాళ్ళం. పొద్దున్నే నల్లా నీళ్ళు వచ్చేలోపు మా నాయన వాకిట్లో గోడకు నుదురు ఆనించి, నడుము కొంచెం వంచి, రెండు అరచేతులూ కలిపి కుడికీ ఎడమకీ ఊపేవాడు. నలభై సార్లు. నేను ముక్కాలి పీట మీద కూర్చుని, ఆయన నుదురు గోడను వదిలినప్పుడల్లా నోటుబుక్కు చివరి పేజీలో గీత గీసేదాన్ని.

పక్కింటామె బిందె పట్టుకొని నవ్వేది. "ఏందన్నా, గోడకు ముద్దు వెడ్తున్నవా?"

అది గోల్ఫ్ సాధన.

నాయన గోల్ఫ్ మైదానంలో క్యాడీ. ఆడేవాళ్ళ కర్రల సంచి మోయాలి, వాళ్ళు కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని... కర్ర బంతికి తగిలీ తగలకముందే తల ఎత్తి ఆకాశంలోకి చూడటం ఆయన మెడకు అలవాటైపోయింది. తను కొట్టినప్పుడూ తల అలాగే లేచేది. తల లేస్తే భుజం లేస్తుంది, కర్ర బంతి నెత్తిని గీరుకుంటూ పోతుంది, బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోతుంది.

ఆ సంచుల బరువుకు నాయన కుడి భుజం ఒరిగిపోయింది. ఈ పని మానకపోతే చెయ్యి పనికిరాకుండా పోతుందని దవాఖానలో చెప్పారు. మైదానంలో ఏటా ఒక రోజు క్యాడీలకు పోటీ ఉండేది. ఆ ఏడు గెలిచినవాడికి మోత తప్పించి, కొత్తవాళ్ళకు ఆట నేర్పే పని ఇస్తామన్నారు. అందుకే ఆ గోడ...

గోడ పని అయ్యాక గొడుగు కర్ర. అబిడ్స్‌లో గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర తెచ్చింది. తువ్వాలును ఛాతీ మీదుగా రెండు చంకల్లో ఇరికించుకొని, అది జారకుండా, నేల మీది చింతగింజను కర్రతో తుడిచినట్టు తోసేవాడు. బలం కాదు, ఒకే వేగం కావాలనేవాడు.

"తల ఎన్నిసార్లు లేపిన బిడ్డా?"

"పదకొండు."

"జర తొమ్మిదని రాస్కోరాదే."

"రాయను నాయినా. పదకొండంటే పదకొండే."

లోపలి నుంచి అమ్మ... "నీకు బిడ్డ గాదయ్యా, ఇన్‌స్పెక్టరమ్మ పుట్టింది!"

నాలుగు నెలల్లో తల లేపడం నలభైకి ముప్పై ఒకటి నుంచి రెండుకు వచ్చింది.

పోటీ రోజు క్యాడీలకు క్యాడీలు ఉండరు కదా... ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒకరిని తోడు తెచ్చుకున్నారు. నాయన నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకున్నాడు. నాకు పదేళ్ళు. దారి పొడవునా ఒకటే మాట. "ఇయ్యాల నా తల జూడకు. బంతి జూడు. తల సంగతి నేను జూస్కుంట."

రోజంతా బంతినే చూశాను. బంతి వెయ్యాల్సిన ఆఖరి గుంటకు వచ్చేసరికి నాయన, ఇంకొకాయన సమానంగా ఉన్నారు. పడమటెండ కళ్ళలో పడుతోంది. ఎదురుగా బండల దిబ్బ, దాని అవతల గుంట. నాయన కర్ర ఎత్తాడు. నాకు భయం వేసింది... తల చూశాను.

తల కదల్లేదు. చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను.

"ఏడ వడ్డది బిడ్డా?"

నేను బంతినే చూడలేదు. ఆ ఎండలో మిగతావాళ్ళకూ కనబడలేదట.

వెతకడానికి ఐదు నిమిషాలే ఇస్తారు. దిబ్బ పక్కన గడ్డి అంతా వెతికాం. దొరకలేదు. మళ్ళీ మొదటి చోటి నుంచే కొట్టాలి, పైగా ఒక దెబ్బ ఎక్కువ లెక్క. ఈసారి బంతి ఎటు పోతుందో నాయన తనే చూసుకోవాలనుకున్నాడు... తల లేచింది. బంతి దొర్లింది. పోటీ అక్కడే పోయింది.

గుంట వైపు నడుస్తుంటే ఆ మొదటి బంతి కనబడింది. మేము వెతికిన చోటికి నలభై రెండు అడుగుల అవతల, శుభ్రమైన గడ్డిలో. మేము వెతికింది నాయన బంతి ఎప్పుడూ పడే చోట. అంత దూరం కొట్టి ఉంటాడని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

"గింత దూరం కొట్టిన్నా నేను!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. తర్వాత మెల్లగా అడిగాడు. "గప్పుడు తల లేపిన్నా బిడ్డా?"

"లేపలే నాయినా."

"మరి గట్లనే రాస్కో. సున్నా."

బంతి మైదానం వాళ్ళది. ఆఫీసులో అప్పజెప్పి వచ్చాం. ఇంటికి వచ్చాక సున్నా రాశాను. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది... ఇంకో ఆరేళ్ళు అదే భుజంతో మోశాడు. ఆ తర్వాత ఆ చేత్తో అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయాడు.

మళ్ళీ ఆయన గోడ దగ్గర నిలబడలేదు. కానీ నుదుటి నూనె మరక అక్కడే ఉండిపోయింది. ఏటా క్రిస్మస్ ముందు అమ్మ సున్నం వేసేది. వారం తిరిగేసరికి మరక మళ్ళీ పైకి తేలేది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గోడా లేదు.

మొన్న అబిడ్స్‌లో మా ఫ్లాటుకు వచ్చిన మనవరాలు ఫోను చూపించింది. "అమ్మమ్మా, గోల్ఫ్‌లో తల కదలకుండా ఉండాలంటే గోడకు ఆనించి చెయ్యాలంట. కొత్త టెక్నిక్!" నలభై సార్లు చెయ్యమన్నాను.

శనివారం తను నేర్చుకునే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ కొట్టగానే ఎంత దూరం పోయిందో తెర మీద అంకె వస్తుంది.

"తల లేపానా అమ్మమ్మా?"

"నేను చూడలేదే. బంతి చూశాను. అదిగో, ఆ రెండో జెండాకు ఎడమ పక్క పడింది."

"తెర మీద వస్తుంది కదా, నువ్వెందుకు చూడటం?"

నిజమే... ఇప్పుడు ఎవరి బంతినీ ఎవరూ చూడనవసరం లేదు.

మీ చిన్నప్పుడు మీ పెద్దవాళ్ళు మీకు ఏం చూస్తూ ఉండమని చెప్పారు? మీరు చూశారా? ఉన్నది ఉన్నట్టు రాయండి. తొమ్మిదని రాయొద్దు.