మదనపల్లెలో చేయించిన దవడ

నేను కుప్పంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తాను. ఆదివారాలు బెంగళూరు నుంచి ఇంకో డాక్టరు వస్తాడు. కింది దవడ చిన్నదని దిగులుపడేవాళ్లను అక్కడికి పిలిపించుకుని, లోపల చిన్న సిలికాన్ ముక్క పెడతాడు. పెట్టినట్టు కూడా తెలియదట. పెళ్లి కుదిరిన కుర్రాళ్లు వచ్చి, ఎవరి కంటైనా పడతామేమోనని మూల బెంచీ మీద ముడుచుకుని కూర్చుంటారు. చేరిన కొత్తలో వాళ్లను చూస్తే నవ్వొచ్చేది. మా నాయన ఆ పని 1996లోనే చేయించుకున్నాడు, కత్తిగాటు లేకుండా.

నాయన పేరు వెంకటముని. పెద్దపంజాణి దగ్గర మాకు రెండెకరాల మెట్ట, మూడు ఆవులు. ఏడాదిలో పద్దెనిమిది రోజులు మాత్రం ఆయన రైతు కాదు, ద్రౌపది. మా వైపు ఎండాకాలంలో భారతం ఆడతారు, ఆడవేషాలూ మగవాళ్లే వేస్తారు. నాయనకు గొంతు పెద్దది, దవడ చిన్నది. కింది పెదవి దగ్గరే ముఖం అయిపోయినట్టుండేది. చీర కడితే ఆడవాళ్లే తేరిపార చూసేవాళ్లు. దుశ్శాసనుడు విప్పలేని ఆ చీరను మా ఊరివాళ్లు కూడా పన్నెండేళ్లు ఆయన ఒంటి మీదే ఉంచారు.

పాలకేంద్రంలో మా అమ్మ మునీశ్వరిని, "ఏం ద్రౌపది పెండ్లామా, ఈ పొద్దు పాలెన్ని?" అని అడిగేవాళ్లు. అమ్మ నవ్వేసేది. నాయన నవ్వేవాడు కాదు. ఆయనకు భీముడు వేయాలని ఉండేది. ఆఖరి రోజు పట్టపగలు, మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి తొడ మీద గదతో కొట్టే భీముడు. ఒక్కసారి వేస్తే చాలనేవాడు. ఆట నేర్పే రామప్పది మాత్రం ఏటా అదే పాట.

"గొంతుండాది వెంకటమునీ. భీముడికి దవడేదప్పా?"

1996లో భీముడు వేసే ఆయన కాలు విరగ్గొట్టుకున్నాడు. నాయన రామప్పను బతిమాలి వేషం సంపాదించాడు. మర్నాడే నాకు చెప్పులు కొనాలని అమ్మతో చెప్పి, నన్ను మదనపల్లె బస్సెక్కించాడు. నాకప్పుడు పన్నెండేళ్లు.

అక్కడ బస్టాండు దగ్గర మేడ మీద కొండప్ప అనే ఆయన ముసలివాళ్లకు పళ్లసెట్లు చేసేవాడు. నాయన నోరు తెరిపించి చూసి, "పండ్లన్నీ గట్టిగా ఉండాయే. సెట్టు యాలకప్పా?" అన్నాడు.

"పండ్లకు గాదు. దవడకు," అన్నాడు నాయన, నాకు వినబడకూడదన్నట్టు.

కొండప్ప నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకిప్పటికీ గౌరవం. మైనం మెత్తగా చేసి, నాయన కింది పెదవి లోపల అదిమి అచ్చు తీసుకున్నాడు. వారం తర్వాత మళ్లీ పోతే, చిగుళ్ల రంగులో చింతకాయలా వంగిన ముక్క చేతికిచ్చాడు. పెదవికీ చిగురుకీ మధ్య దాన్ని పెట్టుకుని నాయన అద్దంలో చూసుకున్నాడు. మారింది వేలి మందమే. అయినా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎట్లుండాది పాపా?"

"భీముని మాదిరే ఉండావు నాయనా," అన్నాను. నిజానికి బ్యాంకు మేనేజరులా ఉన్నాడు.

ఆఖరి రోజు గద భుజాన వేసుకుని ఆయన వచ్చినప్పుడు జనం మెచ్చుకోలుగా చూశారు. నాకు గుండెలు ఉప్పొంగాయి. అప్పుడాయన పద్యం ఎత్తుకున్నాడు. లోపల ముక్క అడ్డుపడి పెదవులు కలవలేదు. మాటలన్నీ నోట్లోనే నలిగిపోయాయి. "ఏమంటాండాడు ఈయప్ప?" అని వెనక ఎవరో అడిగారు. మా నాయన పాడుతుంటే ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు లేరు.

రెండో పద్యానికి ముందు ఆయన అటు తిరిగి, ముక్క తీసి నడుం గుడ్డలో దోపుకున్నాడు. ఆ పద్యం ఊరి చివరి ఇంటిదాకా వినబడింది. కానీ పిల్లలు అప్పటికే నవ్వుతున్నారు, ద్రౌపది గద పట్టుకొని ఉండాదని. మరుసటేడు ఎవరూ అడగకముందే నాయనే పోయి తన చీర తెచ్చుకున్నాడు.

భీముడు వేసిన మర్నాడు మాత్రం తెల్లచొక్కా వేసుకుని పుంగనూరు పోయాడు. స్టూడియోలో ఆ ముక్క పెట్టుకుని పెద్ద ఫోటో తీయించుకున్నాడు. ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచాడు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ఫోటో సంగతి మాత్రం ఆమె ఒక్కరికీ చెప్పలేదు.

2007లో నాయన పోయాడు. కర్మకు పెట్టడానికి ఫోటో వెతికితే, చీరలో ఉన్నవి మూడు దొరికాయి. ఓటరు కార్డులో ఉన్నది మొహమో మరకో తెలియదు. ఇక మిగిలింది ఆ దవడ ఫోటోనే. అందులో ఉన్నది మా నాయన కాదని నాకు ఒకటే కోపం. దాన్ని పట్టుకుని అదే పుంగనూరు స్టూడియోకి పోయాను. అప్పటికక్కడ కంప్యూటరు వచ్చింది.

"ఎంత తగ్గించాలక్కా?" అని అడిగాడు ఆ అబ్బాయి.

తెర మీద వేలు పెట్టి చూపించాను. వేలి మందమే. అతను అంత మేర చెరిపేయగానే, నన్ను సైకిలు మీద బడికి దించిన ముఖం తిరిగొచ్చింది. అక్కడే ఏడ్చేశాను.

ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. పాతదీ కొత్తదీ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది మీ నాయనే," అంది కొత్తదాన్ని తడుముతూ. ఆ తర్వాత దాన్ని నా చేతికే ఇచ్చేసింది. "ఇన్నేండ్ల కాపరంలో ఆయన తనకని ఆశపడింది ఆ దవడొక్కటే. సచ్చినాక అదీ తీసేస్తారా పాపా?"

గోడకు పాత ఫోటోనే తగిలించాం. కొత్తది నా సంచిలో ఉంటుంది.

అప్పటినుంచి ఆదివారాలు మూల బెంచీ మీది కుర్రాళ్లను నేను పేరు పెట్టి గట్టిగా పిలవను. వాళ్ల వంతు వచ్చినప్పుడు లేచి, దగ్గరికి వెళ్లి చెబుతాను.