రిఫ్రెష్ మాస్టారు

నర్సీపట్నం కంప్యూటర్ సెంటర్లో సన్యాసిరావు మాస్టారి వేలు మౌస్ మీద ఊరుకోదు. పాఠం చెబుతూ తెర మీదివి తాజా అయ్యేలా రిఫ్రెష్ కొడతాడు, టీ తాగుతూ కొడతాడు. సెంటర్లోని ఫైళ్లన్నీ వరసగా చూపించే ప్రోగ్రాం ఆయనే రాశాడు కానీ, అది ప్రతి ఫైలు సైజూ సున్నా అనే చూపించేది. కొత్తగా చేరిన పావని దాన్ని సరిచేసింది. పిల్లలంతా ఇప్పుడు డౌట్లు ఆమెనే అడుగుతుంటే ఈయనకు కడుపు రగిలిపోతోంది. ఒక్క తప్పైనా దొరకదా అని రోజూ అందరికంటే ముందొచ్చి, ఒక్కో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి, అందులోని అసలు సైజును ప్రోగ్రాం చూపే సైజుతో పోల్చుకుంటాడు. ఇవాళ క్లాసు మొదలయ్యాక మళ్లీ పోల్చితే, తన పాఠం ఫైలు దగ్గర తేడా దొరికింది.

"ఏటమ్మా పావనీ, ఇదేటి? నీ సైజు తప్పు! అందరూ ఇలా వొచ్చి సూడండి!" అని క్లాసంతా వినేలా కేకేశాడు.

పావని వచ్చి తెర చూసింది. "ఇప్పుడే కదండీ మాస్టారూ, మీరందులో ఇంకో పేజీ టైపు సేసారు. రిఫ్రెష్ కొట్టండి, సాలు."

క్లాసంతా చూస్తోంది. ఆయన వేలు మాత్రం కదల్లేదు.