అగ్గిపెట్టెలో ఫిల్ముముక్క

బోడసకుర్రు రేవులో ఏరు దాటించే పంటు కోసం కూర్చున్నప్పుడు, నా పక్కనున్నాయన ఫిల్ము చుట్టల రేకు డబ్బాల్ని కింద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకున్నారు. సర్కారు వ్యానులో ఊరూరా తిరిగి చిన్న చిన్న డాక్యుమెంటరీలు వేసే ఆపరేటరట. దేని మీద తీసినవండీ అని అడిగేను.

"వరదకి తెగిన గట్టుని జనం మళ్ళీ కట్టుకోవడం మీదండి. అందులో ఒక కుర్రాడు మట్టితట్ట నెత్తినెట్టుకుని మన వేపు చూసి నవ్వుతాడు. ఆ ఏడే కలరాతో పోయేడంట. రాజోలు చుట్టుపక్కల ఎక్కడ ఆట వేసినా వాళ్ళమ్మగారు నడిచొచ్చేస్తారు. ఇంకొక్కసారి బాబూ అంటారు. వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవాణ్ణి."

"మంచి పని చేసేరు," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపేరు. "అన్నిసార్లు తిప్పితే ఫిల్ము తట్టుకోదండి. మొన్న సరిగ్గా అక్కడే తెగింది. చిరిగినంత మేరా కోసేసి అతికించేను. ఇప్పుడు తట్ట ఎత్తుకుంటాడు, వెళ్ళిపోతాడు. నవ్వు లేదు. ఆవిడ అడగబట్టే తెగిందని ఎలా చెప్పనండీ?"

జేబులోంచి అగ్గిపెట్టె తీసి, అందులో ఉన్న ముక్కని ఎండకి పట్టి చూపించేరు. గోరంత గళ్ళల్లో ఒకదాని కింద ఒకటి, అదే కుర్రాడు, అదే నవ్వు. ఆవిడకి ఇద్దామని తీసుకెళుతున్నారట.

"సంతోషిస్తారండి," అన్నాను.

"ఆయ్," అన్నారు, ముక్కని మళ్ళీ అగ్గిపెట్టెలో పెడుతూ.

పంటు ఒడ్డుకి ఆనింది. ఆయన లేచి డబ్బాలు ఎత్తుకుంటూ అన్నారు.

"ఈ ముక్కలో కదలడు గదండీ."