నక్షా సాబ్ గోడను కాపాడబోయి

జూన్ మొదటి వారంలో నేను వరంగల్ వైపు ప్రయాణమైంది గుడులు చూడ్డానికి కాదు, కోట చూడ్డానికీ కాదు. ఒక బడి గోడ చూడ్డానికి. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఎనిమిది పేజీల కరపత్రంలో ఆ గోడ గురించి ఒకే ఒక్క పేరా ఉంది. యాకూబ్ అలీ అనే ఆర్కిటెక్టు హనుమకొండ సుబేదారిలో తాళాలు బాగుచేసేవాళ్ల ఇంట పుట్టి, హైదరాబాద్‌లో చదివి, అక్కడి పెద్ద పనులు కాదనుకుని వెనక్కి వచ్చాడట. ఇక్కడి రాయితో, సున్నంతో, పలుచటి కాంక్రీటుతో కొత్తరకం భవనాలు కట్టాడట. పాలకుర్తి పక్క ఊళ్లో బడి గోడకు మాత్రం ‘కూలివాని చేయి కనబడాలి’ అన్న సిద్ధాంతంతో పూత పూయకుండా వదిలేశాడట. అద్దాల డబ్బాలు లేపి, లోపల ఏసీలు బిగించి, ఇదే అభివృద్ధి అని మన నెత్తిన రుద్దుతున్న ఈ కాలంలో, మన ఎండను అర్థం చేసుకున్న మనిషి ఒకాయన మన జిల్లాలోనే పుట్టాడని తెలిసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని కోపం.

అంతలో పాలకుర్తిలో ఉండే దోస్తు ఒక ఫొటో పంపాడు. అదే గోడ. గోడకు వెదురు పరంజా, పరంజా కింద వరసగా సిమెంటు బస్తాలు. ఇక ఆగుతానా? గంటలో రెండు పేజీల ఫిర్యాదు రాసి, బడి భవనాల పనులు చూసే సుబేదారి కార్యాలయానికి పంపాను. ‘హత్య’ అనే మాట నాలుగు చోట్ల వాడాను. మూడో రోజున జవాబొచ్చింది: పని ఆపించాం, విచారిస్తాం. నా జీవితంలో ఫలించిన మొదటి ఫిర్యాదు అది! కాపాడిన గోడను కళ్లారా చూసుకుందామని మరునాడు పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను.

అన్ని రైళ్లూ స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగవు, చూసుకుని ఎక్కండి. ఆరున్నరకు ఎక్కితే రెండు గంటల పైన పట్టింది. జనరల్ టికెట్ ఖర్చు ఒక టిఫిన్ పాటి. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే యాకూబ్ అలీ కట్టిన ధాన్యం షెడ్డు వస్తుంది. తాటాకును మడిచి పరిచినట్టు మడతలు మడతలుగా ఉన్న కాంక్రీటు కప్పు. బెత్తెడు మందం కూడా లేదు. అంత పెద్ద షెడ్డును ఆరు స్తంభాలే మోస్తున్నాయి. మడతల మధ్య వాన నీళ్లు జారిపోతాయి, మడతల కింద గాలి ఆడుతుంది. తలెత్తి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, వెనక నుంచి ఒక ఆటో డ్రైవరు నవ్వాడు. పేరు సాదిక్. నలభై ఏళ్లుంటాయి.

“ఏం చూస్తానవ్ తమ్మీ పైకి? పావురాలనా?”

“కప్పు చూస్తున్ననే అన్నా. ఇది కట్టినాయన ఎవరో ఎరుకేనా?”

“ఎరుక లేకేంది? నక్షా సాబ్. మా అబ్బా ఈ షెడ్డులనే హమాలీ చేసిండు. అందరు పైకే చూస్తరు. జర కిందికి సుత జూడు.”

చూశాను. ప్రతి స్తంభానికీ భుజం ఎత్తులో ఒక రాతి పలక బయటికి పొడుచుకు వచ్చి ఉంది. అరిగి నున్నగా మెరుస్తోంది.

“నెత్తి మీద మూట ఉన్నోడు దించుకోవాలంటే ఇంకొకని బతిలాడాలె గదా. ఈడ ఆ పని లేదు. రాయికి ఆనిచ్చి, మెడ తప్పించుడే. మా అబ్బా ఆ మూల రాయిని జూపిచ్చి, గది నా కుర్చీ అంటుండె.”

కరపత్రంలో ఈ రాయి లేదు. ఒక మనిషి మెడ గురించి ఇంతగా ఆలోచించిన ఆర్కిటెక్టుకు ఏ చౌరస్తాలోనూ విగ్రహం లేదేమని నేను గట్టిగానే అడిగాను. సాదిక్ ఆటో స్టార్ట్ చేస్తూ, “లొల్లి ఆడ చేద్దువు గాని, ఎక్కు. ఇంకిద్దరు దొరికితే పాలకుర్తి పోదాం,” అన్నాడు. షేర్ ఆటోలో ముప్పావు గంట. బస్సయితే ఇంకా చౌక, కానీ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం.

బడి పాలకుర్తికి రెండు కిలోమీటర్ల ఇవతలే. పదిన్నరకు దిగాను. సెలవులు కాబట్టి పిల్లలు లేరు. గోడ నేను ఊహించిన దానికంటే పొడుగు, ఊహించిన దానికంటే అందం. నల్లరాయి, ఎర్రరాయి ఒకదాన్నొకటి కరుచుకుని నిలబడ్డాయి. కిటికీలు నేల మీద కూర్చున్న పిల్లల కంటి ఎత్తులో ఉన్నాయి. పైకప్పు రెండు పొరలు, వాటి మధ్య జానెడు ఖాళీ. బయట ఎండ మండిపోతున్నా లోపల కుండ పక్కన కూర్చున్నంత చల్లగా ఉంది.

పరంజా కింద డెబ్బై దాటిన ఒక పెద్దాయన బీడీ తాగుతూ కూర్చున్నాడు, పక్కన ఆయన భార్య. ఆయన ఈ గోడ కట్టిన మేస్త్రీ యాకయ్య, ఆమె కొమురమ్మ. ఆర్కిటెక్టు యాకూబ్, మేస్త్రీ యాకయ్య: ఇద్దరికీ ఒకే దర్గాకు మొక్కుకుని పెట్టిన పేరు. నేను విజేతలా వెళ్లి, “పెద్దయ్యా, ఈ గోడకు సిమెంటు కొట్టబోయింది ఎవరు?” అన్నాను.

“సిమెంటా? కొడితే వాని చేతులిరుగ! రాతిగోడకు సిమెంటు కొడితే ఊపిరాడుతదా?”

“మరి ఈ బస్తాలు?”

యాకయ్య ఒక బస్తా మూతి విప్పాడు. లోపల తెల్లగా, వెన్నలాగా నానిన సున్నం. “సంచి సిమెంటుదే. ఇసుక మోసినా, పెంట మోసినా, సున్నం తెచ్చుకున్నా మాకు గీ సంచే. కడిగి దాసుకుంటం.”

కొమురమ్మ అందుకుంది. “సంచి మీది రాత సదివి లోపలి సరుకు చెప్పే సదువుకున్నోడు ఎవడో పట్నంల ఉన్నడట. వాడే చిట్టీ రాసిండట. దొరకాలె నాకు!”

అప్పుడు గోడను దగ్గరగా చూశాను. పడమటి వైపు రాళ్ల సందుల్లో పాతబడిన సున్నాన్ని రెండు వేళ్ల లోతున గీకేశారు. సందులన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కొత్త సున్నం నింపే ముందే పని ఆపమని ఫోనొచ్చింది. యాకయ్య ఆకాశం వైపు చెయ్యి చూపాడు. “మిరుగం కార్తె వస్తాంది బిడ్డా. వాన పడమటి నుంచే కొడుతది. సందులల్ల నీళ్లు దిగితే లోపలి మట్టి ఉబ్బుతది. నలభై ఏండ్ల గోడ నాలుగు వానలకు కడుపు పెంచుతది.”

“ఆ చిట్టీ నేనే రాసిన,” అన్నాను.

కొమురమ్మ కొంగు నడుముకు దోపింది. యాకయ్య ఆమెను చేత్తోనే ఆపి, నా జేబులోని కరపత్రం చదివి వినిపించమన్నాడు. ‘కూలివాని చేయి’ దగ్గర ఆపేశాడు. “కూలోడెవడు? నేను మేస్త్రీని!” అని నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. “పూతేస్తే గోడకు జబ్బు ఏడుందో కనవడదు. అందుకు వద్దన్నడు సాబు. కాయిదం మీద సుత ముందు గీసేటోడు గాదు. ఖాళీ జాగల ముగ్గుపిండితోని గదులు గీసి, మూడొద్దులు ఊరోళ్లను అండ్ల తిరుగుమనేటోడు. పోరగాండ్లు ఏ గీతను తొక్కితే ఆడ దర్వాజ. మాపటేళ ముసలోళ్లు ఏడ కూసుంటే ఆడ అరుగు. గోడ లేసినంక నాతోని మాట తీస్కున్నడు. ‘నక్షా నాది, గోడ నీది. సున్నం అరిగితే నువ్వే వచ్చి నింపాలె,’ అన్నడు. ఇది మూడోసారి నింపుడు. నాలుగోసారికి నేనుండ.”

నేను లేచి నిలబడ్డాను. “ఏం చెయ్యమంటవ్ తాతా?”

“ఆపిచ్చినోనివి నువ్వే. నడిపిచ్చు.”

కొమురమ్మ టిఫిన్ డబ్బా నా ముందుకు తోసింది. అన్నం, పచ్చిపులుసు. “తిని పో. ఉత్త కడుపుతోని పోతే ఆడ సుత లొల్లి పెట్టుకుంటవ్.” యాకయ్య ఒక సున్నం ముద్ద తీసి, చుట్టడానికి కాగితం అడిగాడు. నా దగ్గరున్నది కరపత్రమే. అందులోనే చుట్టి ఇచ్చాడు.

పన్నెండు గంటల బస్సు పట్టుకుంటే హనుమకొండకు గంటన్నర పైనే. అక్కడి నుంచి సుబేదారికి ఆటో. తీరా వెళ్తే ఆ కార్యాలయం కూడా ఆయన కట్టిందే! అధికారుల గదులు పడమర ఎండకు కాలుతున్నాయి, ఫ్యాన్లు తిరిగినా లాభం లేదు. అర్జీదారులు కూర్చునే వరండా మాత్రం ఉత్తరానికి తెరుచుకుని, వాలుగా ఉన్న రాతి బల్లతో, నీడలో, గాలిలో ఉంది. ఎదురుచూసేవాడికి మంచి చోటు ఇవ్వాలని లెక్కవేసి గీసిన నక్షా అది. రెండు గంటలు ఎదురుచూశాను. ఇంకెక్కడైనా అయితే మొదటి పావుగంటకే అరిచేవాణ్ని. అటెండరు, “ఈ బల్ల మీద నిద్రపోనోడు లేడు సార్,” అన్నాడు. నేనూ కునుకు తీశాను.

ఇంజనీరు మేడం నా కొత్త అర్జీ చదివి అనుమానంగా చూసింది. “మొన్న హత్య అన్నారు, ఇవాళ వాపస్ అంటున్నారు. ఎవరన్నా బెదిరించారా?”

“లేదు మేడం. తప్పు నాదే,” అని పొట్లం విప్పాను. ఆమె సున్నాన్ని రెండు వేళ్ల మధ్య రాసి చూసింది, పొద్దున నేను తీసిన ఫొటోల్లో విప్పిన బస్తాను చూసింది, నన్ను ఇంకోసారి చూసింది. తర్వాత హెడ్మాస్టరుకు ఫోన్ చేసి పని కానివ్వమని చెప్పి, అర్జీ మీద సంతకం పెట్టింది.

బయటికి పరుగెత్తి, బడి దగ్గరే రాసుకున్న కొమురమ్మ నంబరుకు ఫోన్ చేశాను. “అవ్వా, పని మొదలుపెట్టమన్నరు!”

యాకయ్య గొంతు పలికింది. “ఒక దిక్కు సగం నింపిన. నువ్వు బస్సెక్కినప్పుడే మొదలువెట్టిన. సాధించుకొనే వస్తవని ఎరుకే.”

కాజీపేటలో రాత్రి రైలు దాకా ఆగకుండా సాయంత్రం రైలే దొరికింది. కిటికీ పక్కన కూర్చుని కరపత్రం విప్పాను. సున్నం ఎండి ఆ పేరా మీద తెల్లగా అంటుకుపోయింది, అక్షరాలు కనబడలేదు. బాధ కలగలేదు. ఒక భవనాన్ని ప్రేమించడమంటే దాని గురించి చదవడం, దాని కోసం తిట్టడం అనుకున్నాను ఇన్నాళ్లూ. యాకయ్య ప్రేమ వేరు. పన్నెండు పదమూడేళ్లకోసారి పరంజా ఎక్కి, అరిగినంత మేర నింపి దిగిపోతాడు. అలాంటి మనిషి దొరికేలా కట్టడమే యాకూబ్ అలీ గొప్పతనం అనిపించింది. నాలుగోసారికి ఎవరన్న ప్రశ్న మాత్రం రైలు దిగాక కూడా నన్ను వదల్లేదు. అందుకే వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. సున్నం కలపడం నేర్పుతానన్నాడు యాకయ్య, చేతులు పొక్కుతాయని కూడా ముందే చెప్పాడు.

మీరు వెళ్లేట్టయితే ఒక్క సూచన. ఆటోలో యాకూబ్ అలీ బడి అంటే ఎవరికీ తెలియదు, గంట తిరుగుతారు. యాకయ్య మేస్త్రీ బడి అనండి, నేరుగా గోడ ముందే దింపుతారు.